కార్డు మీది రాత, బల్ల మీది ఆట: గోట్ ఫార్మాట్‌ను నిలబెట్టుకోవడం గురించి

యు-గి-ఓ! కార్డుల ఆటలో 2005 ఏప్రిల్ 1న ఒక నిషేధిత, పరిమిత కార్డుల జాబితా అమలులోకి వచ్చింది. ఆ జాబితాను, అదే ఏడాది ఆగస్టులో సైబర్నెటిక్ రెవల్యూషన్ అనే సెట్ విడుదలయ్యే దాకా ఉత్తర అమెరికాలో వెలువడిన కార్డులను కలిపి ఒక చట్రంగా బిగించి, ఆ చట్రం దాటకుండా ఆడే పద్ధతిని గోట్ ఫార్మాట్ అంటారు. అప్పటి పేరున్న డెక్కుల్లో, అంటే ఆటగాడు తన ఆట కోసం పేర్చుకునే కార్డుల కట్టల్లో, తరచుగా కనిపించిన స్కేప్‌గోట్ అనే కార్డు వల్ల దానికి ఆ పేరు పడింది. అధికారికంగా చూస్తే అది కొన్ని నెలల ముచ్చట. తరువాత జాబితా మారింది, కొత్త సెట్లు వచ్చాయి, ఆట తన దారిన తాను వెళ్లిపోయింది. అయినా ఆ కొన్ని నెలల ఆటనే ఇప్పటికీ పట్టుబట్టి ఆడేవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. న్యూజెర్సీలో మేముండే చోట కూడా అలాంటి చిన్న బృందం ఒకటి ఉంది, అందులో తెలుగువాళ్లం కొందరం ఉన్నాం.

పాత ఆటను పట్టుకుని వేలాడటం ఎందుకని అడిగేవారికి ముందు ఒక సంగతి చెప్పాలి. కొన్ని కార్డుల ఆటల్లో పాత సెట్లు కాలం తీరగానే ప్రధాన పోటీల నుంచి తప్పుకుంటాయి. యు-గి-ఓ!లో ఆ పద్ధతి లేదు. 2002లో వచ్చిన కార్డైనా, నిన్న వచ్చిన కార్డైనా, జాబితా నిషేధించనంతవరకు ఒకే డెక్కులో పక్కపక్కన ఉండవచ్చు. వినడానికి ఇది ఉదారంగానే ఉంటుంది. ఆచరణలో మాత్రం, కొత్త కార్డు అమ్ముడుపోవాలంటే అది పాతదానికంటే బలంగా ఉండక తప్పదు కాబట్టి, పాత కార్డుకు ఆడే హక్కు ఉంటుంది గాని ఆడవలసిన కారణం ఉండదు. ఇప్పటి పోటీ ఆటలో మొదటి రెండు మూడు వంతుల్లోనే ఫలితం తేలిపోవడం మామూలు. ఒక్కో వంతులో పది పదిహేను ఎత్తులు వరుసగా నడుస్తాయి. నాకు ఆ ఆట మీద ద్వేషమేమీ లేదు, కాని సాంగన్, బ్రేకర్, మెజీషియన్ ఆఫ్ ఫెయిత్ వంటి పాత కార్డులకు విలువ దక్కాలంటే వాటి కాలపు ఆటలోనే దక్కాలి. అందుకే ఇది పాతరోజుల మీది బెంగతో సాగే వ్యవహారమంటే నేను ఒప్పుకోను. మా బృందంలో సగం మంది 2005లో ఈ ఆట పేరు కూడా విని ఉండరు.

ఆట తెలియనివారి కోసం ఒక్క సన్నివేశాన్ని కొంచెం దగ్గరగా చూపిస్తాను. ప్రత్యర్థి తన వంతు ముగించబోతున్నాడు. నేను ముందే బోర్లా పెట్టి ఉంచుకున్న స్కేప్‌గోట్‌ను ఆ ఎండ్ ఫేజ్‌లో తిప్పుతాను. దాడి బలం సున్నా, రక్షణ బలం సున్నా ఉన్న నాలుగు గొర్రె టోకెన్లు, అంటే డెక్కులో లేకుండా ఆ కార్డే పుట్టించే తాత్కాలిక మాన్‌స్టర్లు, నా వైపు బల్ల మీదికి వస్తాయి. ఈ కార్డు వాడిన వంతులో మరో మాన్‌స్టర్‌ను సమన్ చేయకూడదన్న, అంటే బల్ల మీదికి దించకూడదన్న షరతు ఉంది కాబట్టే తెలిసినవాళ్లు దీన్ని ఎదుటివాడి వంతులో వాడతారు. నా వంతు రాగానే మెటమార్ఫసిస్ అనే స్పెల్ (మంత్రం కార్డు) వేసి ఒక గొర్రెను బలి ఇస్తాను. బలి ఇచ్చినదాని లెవెల్ ఎంతో, సరిగ్గా అదే లెవెల్ ఉన్న ఫ్యూజన్ మాన్‌స్టర్‌ను, విడిగా ఉంచుకునే ఫ్యూజన్ డెక్కులోంచి, ఆ స్పెల్ బయటికి రప్పిస్తుంది. గొర్రె లెవెల్ ఒకటి, థౌజండ్ ఐస్ రిస్ట్రిక్ట్ లెవెల్ కూడా ఒకటే. అది వచ్చి కూర్చుందంటే బల్ల మీద మిగతా మాన్‌స్టర్లేవీ దాడి చేయలేవు, భంగిమ మార్చుకోలేవు. పైగా అది వంతుకొకసారి ప్రత్యర్థి మాన్‌స్టర్ ఒకదాన్ని లాక్కుని తనకు తగిలించుకుని, దాని బలాన్ని తన బలంగా చేసుకుంటుంది. ఆ తరువాత త్సుకుయోమి అనే మాన్‌స్టర్‌ను దించి ఈ రిస్ట్రిక్ట్‌నే బోర్లా పడుకోబెడితే, తగిలించుకున్నది గ్రేవ్‌యార్డ్‌కు, అంటే వాడేసిన కార్డుల కుప్పలోకి, పోతుంది. మళ్లీ తిప్పినప్పుడు ఇంకొకదాన్ని లాక్కోవచ్చు. త్సుకుయోమి వంతు చివర చేతికి తిరిగి వచ్చేస్తుంది కాబట్టి ఇదంతా మళ్లీ మొదలుపెట్టడానికి అడ్డేమీ ఉండదు.

కాగితం మీద చదివితే ఇది తిరుగులేని ఎత్తులా కనిపిస్తుంది. బల్ల దగ్గర అలా ఉండదు. ఎయిర్‌నైట్ పర్షత్ అనే మాన్‌స్టర్ ఉన్నవాడికి నా గొర్రెలు విందుభోజనం. రక్షణలో ఉన్న గొర్రెను కొట్టినా పర్షత్ 1900 బలం మొత్తం నా లైఫ్ పాయింట్ల (సున్నాకు చేరితే ఓటమే) నుంచి పోతుంది, వాడికి ఒక కార్డు కూడా దక్కుతుంది. అసుర ప్రీస్ట్ అయితే ఒకే వంతులో నాలుగింటినీ ఊడ్చేస్తుంది. కాబట్టి నాలుగు గొర్రెల్లో ఏది గోడ, ఏది మెటమార్ఫసిస్‌కు పెట్టుబడి, మెటమార్ఫసిస్ ఇంకా చేతికి రాకముందే గొర్రెలను బయటపెట్టడం సరైనదా కాదా అన్న లెక్క ప్రతి ఆటలోనూ కొత్తగా వేసుకోవలసిందే. ఎదుటివాడి దగ్గర బోర్లా ఉన్న ఒక్క కార్డు గురించి మూడు నాలుగు వంతుల పాటు ఆలోచించే తీరిక ఈ ఆట ఇస్తుంది. నన్ను కట్టిపడేసింది ఆ తీరికే.

ఇక్కడొక చిన్న మాట. మా బృందంలో ఒకాయన గొర్రె టోకెన్లుగా చింతపిక్కలు తెచ్చాడు. చూడటానికి ముచ్చటగానే ఉన్నాయి, కాని దాడి భంగిమలో ఉన్న చింతపిక్కకూ రక్షణ భంగిమలో ఉన్న చింతపిక్కకూ తేడా ఎలా చెప్పడం? నిలువుగా ఉందో అడ్డంగా ఉందో స్పష్టంగా తెలిసే వస్తువే టోకెన్‌గా ఉండాలని ఆట నియమాలు చెబుతాయి. చివరికి చింతపిక్కలు తినుబండారాల గిన్నె పక్కకు చేరాయి, టోకెన్లుగా మామూలు కార్డులే మిగిలాయి.

పాత ఫార్మాట్‌ను నిలబెట్టడం అనగానే చాలామంది కార్డుల సేకరణ గురించి, వాటి ధరల గురించి ఆలోచిస్తారు. నా అనుభవంలో అది సులువైన భాగం. కష్టమైన భాగం నియమాలు. కార్డు కాగితం కాబట్టి డబ్బాలో దాచుకుంటే ఉంటుంది. ఆ కార్డు 2005లో ఎలా పనిచేసేదన్న జ్ఞానం మాత్రం ఆడేవాళ్ల తలల్లో తప్ప ఇంకెక్కడా క్షేమంగా ఉండదు. ఆట నడిపే సంస్థకు దాన్ని కాపాడవలసిన అవసరం లేదు, ఎందుకంటే వాళ్ల నియమాలు ఇప్పటి ఆట కోసం రాసుకున్నవి.

ముందుగా అందరికీ తెలిసిన తేడాలు చెబుతాను. అప్పట్లో మొదట ఆడేవాడు కూడా తొలి వంతులో ఒక కార్డు తీసుకునేవాడు. 2014లో దాన్ని తీసేశారు. ఇద్దరికీ కలిపి బల్ల మీద ఒక్క ఫీల్డ్ స్పెల్ (బల్ల మొత్తానికి వర్తించే మంత్రం కార్డు) మాత్రమే నిలిచేది. ఒకడు కొత్తది వేస్తే రెండోవాడిది పోయేది. ఫ్యూజన్ డెక్కుకు ఇన్నే కార్డులన్న పరిమితి లేదు. 15 కార్డుల పరిమితి సింక్రో మాన్‌స్టర్లనే కొత్త రకంతో పాటు 2008లో వచ్చింది. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, మెటమార్ఫసిస్ ఉన్న ఆటలో ఇది చాలా పెద్దది. ప్రతి లెవెల్‌కూ పనికొచ్చే ఫ్యూజన్‌ను వెంట పెట్టుకోవచ్చు గనుక, లెవెల్ ఐదు ఉన్న ఎయిర్‌నైట్‌ను బలి ఇస్తే డార్క్ బాల్టర్, లెవెల్ ఆరు ఉన్నదాన్ని ఇస్తే ర్యూ సెన్షి వస్తాయి. మరోవైపు సైడ్ డెక్ (ఆటకూ ఆటకూ మధ్య మార్చుకునే అదనపు కార్డుల కట్ట) ఉంటే సరిగ్గా 15 కార్డులు ఉండాలి, లేదా అసలు ఉండకూడదు. పన్నెండు కార్డులతో వచ్చి "చాల్లే" అనడానికి వీల్లేదు.

అంతకంటే చిక్కైనది ప్రయారిటీ, అంటే ముందుగా ఎత్తు వేసే హక్కు. 2005లో, తన వంతులో మాన్‌స్టర్‌ను విజయవంతంగా సమన్ చేసినవాడు, ప్రత్యర్థి ఏ ట్రాప్ (బోర్లా పెట్టి ఉంచే ఉచ్చు కార్డు) తిప్పకముందే ఆ మాన్‌స్టర్ ప్రభావాన్ని వాడుకోవచ్చు. ఉదాహరణకు నేను ట్రైబ్ ఇన్‌ఫెక్టింగ్ వైరస్‌ను దించాను, ఎదుటివాడి దగ్గర బాటమ్‌లెస్ ట్రాప్ హోల్ బోర్లా ఉంది. ఇప్పటి నియమాల ప్రకారం ఆ ట్రాప్ ముందు తెరుచుకుంటుంది, వైరస్ ఏ పనీ చేయకుండానే ఆట నుంచి వెళ్లిపోతుంది. పాత నియమాల ప్రకారం నేను చేతిలోని ఒక కార్డు పారేసి, ఒక జాతి పేరు చెప్పి, వైరస్ ప్రభావాన్ని ముందే మొదలుపెట్టవచ్చు. వాడు దానికి జవాబుగా ట్రాప్‌ను చైన్ చేసి వైరస్‌ను తీసేసినా, నేను చెప్పిన జాతి మాన్‌స్టర్లు నాశనం కాక తప్పదు. ఈ ఒక్క నియమం తీసేస్తే థౌజండ్ ఐస్ రిస్ట్రిక్ట్, బ్లాక్ లస్టర్ సోల్జర్ వంటి కార్డుల బరువే మారిపోతుంది. అంటే కార్డుల జాబితాను అక్షరం మారకుండా పాటిస్తూనే, ఈ నియమం మరిచిపోయి, పూర్తిగా వేరే ఆట ఆడుతూ ఉండవచ్చు. ఇప్పటి ఆట నుంచి నేరుగా వచ్చినవాళ్లు మొదట్లో చేసేది సరిగ్గా ఇదే.

మూడో రకం తేడా కార్డుల పైనే అచ్చయి ఉంటుంది. కొన్ని పాత కార్డులు మరీ బలంగా ఉన్నాయని చాలాకాలం నిషేధంలో ఉంచి, తరువాత వాటి పాఠాన్ని మార్చి మళ్లీ వదిలారు. ఆ మార్పునే ఎర్రాటా అంటారు. కొత్త ముద్రణల మీద కొత్త పాఠమే ఉంటుంది. మా బృందానికి వచ్చే ఒక స్నేహితుడి కొడుకు, పద్నాలుగేళ్లవాడు, ఇక్కడే పుట్టి పెరిగినవాడు, ఒకరోజు నాతో ఆడుతున్నాడు. నా వంతులో సాంగన్ గ్రేవ్‌యార్డ్‌కు వెళ్లింది. దాని ప్రభావంతో డెక్కులోంచి ఎక్సైల్డ్ ఫోర్స్‌ను చేతికి తెచ్చుకుని, వెంటనే దించి, దాన్నే బలి ఇచ్చి వాడి మాన్‌స్టర్‌ను నాశనం చేయబోయాను.

"అంకుల్, ఆగండి. సాంగన్‌తో తెచ్చుకున్న కార్డు ఎఫెక్ట్‌ను ఈ టర్న్‌లో వాడకూడదు. కార్డు మీదే ఉంది చూడండి," అంటూ తన సాంగన్‌ను తీసి నా ముందు పెట్టాడు.

"నీ కార్డు మీద ఉన్నది నిజమే నాన్నా. కాని మనం ఆడుతున్నది దీనికి 2005లో ఉన్న పాఠం ప్రకారం," అన్నాను.

"మరి ఆ పాఠం ఎక్కడ ఉంది?"

నా పాత కార్డు తీసి చూపించాను, ఆ పూటకు గొడవ తీరిపోయింది. కాని వాడు అడిగింది న్యాయమైన ప్రశ్న. ఆటలో ఏ సందేహం వచ్చినా కార్డు చదువుకోమనడమే మొదటి జవాబుగా ఉండాలి. గోట్ ఫార్మాట్‌లో ఆ జవాబు కొన్నిచోట్ల పనిచేయదు. ఇటీవలి ముద్రణ సినిస్టర్ సర్పెంట్ కొన్నవాడు, అది ఒకసారి చేతికి తిరిగి వచ్చాక ప్రత్యర్థి ఎండ్ ఫేజ్‌లో గ్రేవ్‌యార్డ్‌లోని ఒక సర్పెంట్‌ను ఆట నుంచి తొలగించాలని చదువుకుంటాడు. పాత సర్పెంట్‌కు అలాంటి షరతే లేదు. తన యజమాని వంతు మొదట్లో వచ్చే ప్రతి స్టాండ్‌బై ఫేజ్‌లోనూ నిదానంగా లేచి చేతికి వచ్చేస్తుంది, దాన్ని ఎన్నిసార్లు పారేస్తే అన్నిసార్లూ వస్తుంది. ఇందాక చెప్పిన వైరస్‌కు ప్రతి వంతులోనూ పారేసే కార్డుగా పనికొచ్చేది అదే.

మాన్‌స్టర్‌ను పేల్చి, దాని బలం మేరకు లైఫ్ పాయింట్లను దెబ్బతీసే రింగ్ ఆఫ్ డిస్ట్రక్షన్ ఇంకా ఆసక్తికరమైనది. ఇప్పటి పాఠం ప్రకారం దాన్ని ప్రత్యర్థి వంతులోనే వాడాలి. అదీ వాడి లైఫ్ పాయింట్లకు మించని బలం ఉన్న వాడి మాన్‌స్టర్ మీదనే. దెబ్బ ముందు వాడినవాడికి తగిలి, తరువాత ప్రత్యర్థికి తగులుతుంది. పాత పాఠంలో ఈ షరతులేవీ లేవు. బల్ల మీద ముఖం పైకి ఉన్న ఏ మాన్‌స్టర్‌నైనా, ఎవరి వంతులోనైనా పేల్చవచ్చు, దాని దాడి బలం మేరకు దెబ్బ ఇద్దరికీ ఒకేసారి తగులుతుంది. దీనివల్ల ఓడిపోతున్నవాడికి ఒక విచిత్రమైన దారి మిగులుతుంది. ఇద్దరి లైఫ్ పాయింట్లూ మూడు వేల లోపు ఉన్నప్పుడు, తన మీదికి దూసుకొస్తున్న, మూడు వేల బలం ఉన్న బ్లాక్ లస్టర్ సోల్జర్‌కే రింగ్ తగిలించి ఇద్దరినీ సున్నాకు దించి, ఆ ఆటను డ్రాగా ముగించవచ్చు. గెలుపు చేతిలోకి వచ్చిందనుకున్నవాడి ముఖం అప్పుడు చూడాలి. లైఫ్ పాయింట్లు తగ్గే కొద్దీ ఇద్దరూ రింగ్‌ను దృష్టిలో పెట్టుకుని నడుచుకోవలసి రావడం ఈ ఫార్మాట్ చివరి దశను ఎంతో రుచిగా మారుస్తుందని నా అభిప్రాయం. కొత్త పాఠంతో ఆ రుచి పోతుంది.

వీటన్నిటికీ కింద మరో పొర ఉంది: పాఠంలో లేని తీర్పులు. 2002 నుంచి 2008 చివరి దాకా ఉత్తర అమెరికాలో ఈ కార్డుల వ్యవహారం అప్పర్ డెక్ సంస్థ చూసేది, 2008 డిసెంబరులో ఈ ఆటను తయారు చేసే జపాన్ సంస్థ కొనామి దాన్ని తన చేతిలోకి తీసుకుంది. కార్డుల పాఠం అప్పట్లో ఒక పద్ధతి లేకుండా ఉండేది. ఏది ఖర్చు, ఏది ప్రభావం, ఏది ఎంపిక అన్నది విరామచిహ్నాలను బట్టి తేల్చుకునేలా ఒక క్రమపద్ధతిలో రాయడం 2011లో గాని మొదలు కాలేదు. అంతకుముందు ఒక్కో కార్డు ఎలా పనిచేస్తుందో విడివిడిగా తీర్పులు ఇచ్చేవారు. ఆటగాళ్లు, న్యాయనిర్ణేతలు వాటిని కంఠస్థం చేసేవారు. నిర్వహణ చేతులు మారాక ఆ పాత తీర్పులకు అధికారిక హోదా పోయింది. వాటిని వెతికి, పోల్చి, ఒకచోట చేర్చింది ఆటగాళ్లే. ఒకదానికొకటి పొసగని తీర్పులు ఎదురైనప్పుడు ఏది తీసుకోవాలో తేల్చుకున్నదీ వాళ్లే. గోట్ ఫార్మాట్ ఇవాళ బతికి ఉందంటే అందులో ఎక్కువ పాలు ఈ గుమాస్తా పనికే చెందుతుంది.

మా బృందంలో మేము చేసింది ఆ పెద్ద పనికి ఒక చిన్న తోక. ఒక కాగితానికి రెండు వైపులా సరిపడేంత నియమపత్రం తయారు చేసుకున్నాం. పైన తొలి వంతు, ప్రయారిటీ, ఫ్యూజన్ డెక్, ఫీల్డ్ స్పెల్ గురించిన నియమాలు ఉంటాయి. కింద, ఇప్పటి ముద్రణకూ 2005 పాఠానికీ తేడా ఉన్న కార్డుల పేర్లు, వాటి పాత పాఠం తెలుగులోనూ ఇంగ్లిషులోనూ ఉంటాయి. తెలుగు పాఠం మొదట సరదాకు రాసుకున్నదే, కాని పిల్లలను తీసుకొచ్చి పక్కన కూర్చునే తాతయ్యలు దాన్ని చదివి ఆటను అనుసరించడం మొదలుపెట్టాక సరదా కాస్తా అవసరమైంది. రమ్మీలో ఆరితేరిన చేతులు వాళ్లవి. ఎదుటివాడి చేతిలో ఏముందో ఊహించడంలో మాకంటే రెండాకులు ఎక్కువే చదివారు.

పత్రంలో లేని సందేహం వస్తే ఏం చేయాలన్నది అసలు ప్రశ్న. ఇద్దరు ఆటగాళ్లు ఫోన్లు తీసి అరగంట వాదించుకుంటే ఆ సాయంత్రం పాడైపోతుంది. అందుకని, ఆ పూట ఆడకుండా ఖాళీగా ఉన్నవారిలో అనుభవం ఎక్కువ ఉన్నవారు అక్కడికక్కడే తీర్పు చెబుతారు, ఆట ఆగకుండా సాగుతుంది, సందేహాన్ని పుస్తకంలో రాసుకుని తరువాత పాత తీర్పులతో సరిచూస్తాం. తీర్పు తప్పని తేలినా గడిచిన ఆట ఫలితాన్ని మార్చం. ఇది కొంచెం అన్యాయమే. అయినా తిరగదోడే అవకాశం ఒకసారి ఇస్తే, ఓడిన ప్రతివాడూ ఇంటికి వెళ్లి కొత్త ఆధారం వెతుకుతాడు.

ఫార్మాట్‌ను బాగుచేద్దామన్న కోరిక మరో ప్రమాదం. ఇది ప్రతి బృందంలోనూ ఎప్పుడో ఒకప్పుడు పుడుతుంది, మా దగ్గరా పుట్టింది. గోట్ ఫార్మాట్‌లో పాట్ ఆఫ్ గ్రీడ్, గ్రేస్‌ఫుల్ చారిటీ, డెలింక్వెంట్ డుయో అనే మూడు స్పెల్స్ ఒక్కొక్కటి ఒక్కో ప్రతి చొప్పున అనుమతిలో ఉన్నాయి. మొదటిది ఊరికే రెండు కార్డులు ఇస్తుంది. రెండోది మూడు తీసుకుని రెండు పారేయమంటుంది. మూడోది వెయ్యి లైఫ్ పాయింట్లు కడితే ఎదుటివాడి చేతిలోంచి రెండు కార్డులు పోగొడుతుంది. ఒకటి గుడ్డిగా పోతుంది, రెండోది వాడే ఎంచుకుని పారేస్తాడు. తొలి వంతులోనే డుయో తగిలినవాడు నాలుగు కార్డులతో ఆట మొదలుపెట్టినట్టు లెక్క. దాన్ని నిషేధిస్తే ఆట మరింత న్యాయంగా ఉంటుందని మాలో ఇద్దరు గట్టిగా వాదించారు. వాళ్ల వాదనలో నిజం ఉంది. నేను మాత్రం ఒప్పుకోలేదు. మనం ఇక్కడ ఒక కార్డు తీసేస్తే, ఫిలడెల్ఫియా నుంచి వచ్చినవాడితో మనం ఆడేది గోట్ ఫార్మాట్ అవ్వదు, మన వీధి ఆట అవుతుంది. ఇరవై ఏళ్ల కిందటి ఫార్మాట్‌కు ఉన్న ఒకే ఒక బలం, ఎక్కడివాడు వచ్చినా అవే కార్డులు, అవే షరతులు ఉండటం. బాగుచేయడం మొదలుపెడితే ఆగేది ఎక్కడ? డుయో తరువాత స్నాచ్ స్టీల్, దాని తరువాత బ్లాక్ లస్టర్ సోల్జర్ వరుస కడతాయి. పైగా డుయో భయం వల్లనే తొలి వంతులో చేతిలో ఏం దాచాలి, ఏం బయట పెట్టాలి అన్న లెక్క పుడుతుంది. సర్పెంట్‌ను చేతిలో ఉంచుకున్నవాడు డుయోను చూసి నవ్వుకోవచ్చు.

అన్నీ కనిపెట్టేశారు, ఇంకా కొత్తగా ఏముంటుంది అన్న విమర్శ కూడా వింటుంటాను. కార్డులు కొత్తగా రావన్నది నిజం. కాని 2005లో ఆడినవాళ్లకు ఈ ఫార్మాట్‌తో దక్కింది కొన్ని నెలలు. మనకు దక్కింది ఏళ్లు. థండర్ డ్రాగన్‌నే తీసుకోండి. ఒకదాన్ని చేతిలోంచి పారేస్తే డెక్కులోంచి మరో రెండు చేతికి వస్తాయి. పారేసినది బ్లాక్ లస్టర్ సోల్జర్‌ను దించడానికి కావలసిన లైట్ రకం మాన్‌స్టర్‌గా గ్రేవ్‌యార్డ్‌లో పనికొస్తుంది. చేతికి వచ్చినవి గ్రేస్‌ఫుల్ చారిటీకో, వైరస్‌కో పారేసే సరుకు. అనుకోకుండా బల్ల మీదికి చేరితే లెవెల్ ఐదు గనుక మెటమార్ఫసిస్‌కూ పనికొస్తుంది. ఒకే కార్డును ఇన్ని వైపుల నుంచి పిండుకోవడం ఎన్నో ఆటల మీద గాని ఒంటబట్టదు. స్కేప్‌గోట్ డెక్కులు, వారియర్ డెక్కులు, జాంబీలు, ఎదుటివాడి లైఫ్ పాయింట్లను కాల్చుకుంటూ పోయే బర్న్ డెక్కులు, ఇవన్నీ ఇప్పటికీ ఒకదాన్నొకటి ఓడించుకుంటూనే ఉన్నాయి. అయితే నైపుణ్యం సమానంగా ఉన్న ఇద్దరు స్కేప్‌గోట్ డెక్కులతో తలపడితే ఆట చాలాసేపు సాగుతుందని, పక్కన చూసేవాళ్లకు విసుగు పుడుతుందని ఒప్పుకోవలసిందే.

కార్డుల సరఫరా విషయంలో మేము అదృష్టవంతులం. మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే మరో కార్డుల ఆట ఆడేవాళ్లతో పోలిస్తే ఇది బాగా తెలుస్తుంది. ఆ ఆట సంస్థ 1996లో రిజర్వ్‌డ్ లిస్ట్ పేరుతో కొన్ని పాత కార్డులను ఇక ఎన్నటికీ మళ్లీ అచ్చువేయమని మాట ఇచ్చింది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 2007లో మొదలైన ఓల్డ్ స్కూల్ పద్ధతి 1993, 1994 సంవత్సరాల కార్డులతో ఆడేది. అందులోని బ్లాక్ లోటస్ వంటి కార్డు ధర డాలర్లలో వేలు దాటింది. అక్కడ ప్రతి బృందమూ నకలు కార్డులను అనుమతించాలా వద్దా అన్న ప్రశ్నతో కుస్తీ పట్టవలసిందే. కొనామి అలాంటి మాటేదీ ఇవ్వలేదు. 2023లో పాతికేళ్ల పండుగ పేరిట లెజెండ్ ఆఫ్ బ్లూ ఐస్ నుంచి ఇన్వేజన్ ఆఫ్ కేయాస్ వరకు కొన్ని తొలినాటి సెట్లను మళ్లీ అచ్చువేసింది కూడా. పోటీల్లో బహుమతిగా మాత్రమే దొరికిన సైబర్ స్టీన్ కూడా తరువాత మామూలు ముద్రణల్లో వచ్చింది. తొలి ముద్రణే కావాలన్న పట్టుదల లేకపోతే, మంచి గోట్ డెక్కు ఖర్చు ఇప్పటి పోటీ డెక్కు ఖర్చులో చిన్న భాగమే అవుతుంది.

అయినా మా ఇంటి ఆటల్లో రంగు ప్రింటు తీసి స్లీవ్‌లో (కార్డు తొడుగులో) పెట్టుకున్న నకలు కార్డులను అనుమతిస్తాం. కొత్తగా వచ్చినవాడు తనకు ఈ ఆట నచ్చుతుందో లేదో తెలుసుకోకముందే డబ్బు పెట్టాలనడం తగదు. ఇక్కడ మరో సౌకర్యం కూడా ఉంది. మేము ప్రింటు తీసే నకలు మీద 2005 పాఠమే ఉంటుంది కాబట్టి, కొత్త ముద్రణ అసలు కార్డు కంటే నకలే ఆటకు ఎక్కువ పనికొస్తుంది. అధికారిక పోటీలకు మాత్రం అసలు కార్డులే ఉండాలి, అందులో మినహాయింపు లేదు. నకళ్లను ఎవరూ అమ్మకూడదు, మార్చుకోకూడదు అన్నది మా పత్రంలో చివరి వాక్యం.

అధికారిక పోటీలన్నాను కదా. ఇటీవలి సంవత్సరాల్లో కొనామియే టైమ్ విజార్డ్ పేరుతో పాత ఫార్మాట్ల పోటీలు నడుపుతోంది, అందులో గోట్ ఉంది, ఎడిసన్ కూడా ఉంది. ఈ రెండో పేరు తెలుగువాళ్లను ఉలిక్కిపడేలా చేస్తుంది. న్యూజెర్సీలోని ఎడిసన్ అంటే మనవాళ్లకు ఓక్ ట్రీ రోడ్డు, బంగారు దుకాణాలు, బిర్యానీ. ప్రపంచంలోని కార్డు ఆటగాళ్లకు మాత్రం 2010 ఏప్రిల్‌లో అక్కడ జరిగిన షోనెన్ జంప్ ఛాంపియన్‌షిప్. ఆ పోటీ నాటి కార్డులతో, అదే ఏడాది మార్చి జాబితాతో ఆడే ఎడిసన్ ఫార్మాట్ ఇప్పుడు గోట్ అంత పేరున్నది. సింక్రో మాన్‌స్టర్లు, బ్లాక్‌వింగ్, లైట్‌స్వార్న్ వంటి డెక్కులు ఉన్న వేగమైన ఆట అది. మా పిల్లల్లో చాలామందికి అదే ఎక్కువ ఇష్టం. ఎడిసన్‌లో ఉంటూ ఎడిసన్ ఆడకపోవడం ఏమిటని వాళ్లు నన్ను ఆటపట్టిస్తారు. ఒకే సాయంత్రం రెండు బల్లల మీద రెండు ఫార్మాట్లు నడుపుకుంటున్నాం కాబట్టి తగాదా లేదు, నియమపత్రం మాత్రం రెండోది రాసుకోవలసి వచ్చింది. ప్రయారిటీ అక్కడా ఉంది, తొలి వంతు కార్డు అక్కడా ఉంది, కాని ఎర్రాటా అయిన కార్డుల పట్టిక వేరు. బ్రియోనాక్ అనే కార్డు ఒక్కదానికే నాలుగు వాక్యాలు పట్టింది.

ఇదంతా చదివి ఒకసారి ఆడి చూద్దామనుకునేవారికి ఒక సలహా. పేరులోనే ఉంది కదా అని స్కేప్‌గోట్ డెక్కుతో మొదలుపెట్టకండి. దాన్ని సరిగ్గా నడపాలంటే ఎదుటివాడి డెక్కు ఎలా ఆలోచిస్తుందో ముందే తెలిసి ఉండాలి. వారియర్ డెక్కు తీసుకోండి. రీఇన్‌ఫోర్స్‌మెంట్ ఆఫ్ ద ఆర్మీ వేసి, ఆ పూటకు అవసరమైన వారియర్‌ను డెక్కులోంచి పిలిపించుకోవచ్చు. ఎదుటివాడి చేతిని ఖాళీ చేయాలంటే డాన్ జలూగ్, అడ్డుగా ఉన్న మాన్‌స్టర్‌ను తొలగించాలంటే ఎక్సైల్డ్ ఫోర్స్, బలమైనదాన్ని తనతో పాటు ఆట నుంచే తీసుకుపోవాలంటే డి.డి. వారియర్ లేడీ. ప్రతి కార్డు పని ఏమిటో చదవగానే అర్థమవుతుంది, పాత పాఠానికీ కొత్త పాఠానికీ ఉన్న తేడాలతో పేచీ కూడా తక్కువ. నాలుగైదు వారాలు దానితో ఆడాక, మీ వారియర్లను ఎదుటివాడి గొర్రెలు ఎలా ఆపుతున్నాయో కళ్లతో చూశాక, అప్పుడు మెటమార్ఫసిస్ చేతిలోకి తీసుకోవచ్చు. మా దగ్గరకు వచ్చేవారికి వారియర్ డెక్కులు రెండు స్లీవ్‌లతో సహా సిద్ధంగా ఉన్నాయి, నియమపత్రం అడిగితే ఇస్తాం.